పిల్లి ఉపవాసం

“బేగి రావే తల్లీ. నా నూకాలు కదూ.”

అసిరమ్మ మంచం పక్కన బోర్లా పడుకుని, చెయ్యి మంచం కిందికి చాపి, అరగంటగా పిలుస్తోంది. ట్రంకు పెట్టెకీ గోడకీ మధ్య సందులో రెండు కళ్ళు మెరవడం తప్ప జవాబు లేదు. గుమ్మంలో కోళ్ళగంప సిద్ధం. దాని మూతికి కట్టడానికి కొడుకు అర్జునరావు పాత పంచె సిద్ధం. గేటు బయట నీలకంఠం రిక్షా సిద్ధం. సిద్ధపడనిది పిల్లి ఒక్కటే. దాన్ననడానికి మాత్రం ఎవరికి నోరొస్తుంది? వెనక కాలు విరిగి, పుండు పడి, మూడు రోజులుగా చీకట్లో నక్కిన ప్రాణి అది.

“నువ్వయినా ఓ సెయ్యి ఎయ్యమ్మా,” అంది అసిరమ్మ, కోడలి వైపు తిరక్కుండానే.

పైడితల్లి వంటింటి గుమ్మం దాటి రాలేదు. “నానొత్తే అది ఇంకా లోపలికి పోతాది అత్తా.”

“ఎందుకు పోతాది?”

“ఏమో. మొన్నట్నుంచీ ఎవుల్ని సూసినా అలాగే ఉంది గదా.”

ఎవరిని చూసినా కాదు. తనని చూస్తేనే. తన గాజుల చప్పుడైతే చాలు, ఆ పిల్లి గోడకి అతుక్కుపోతోంది. ఎందుకో పిల్లికి తెలుసు, పైడితల్లికి తెలుసు.

మంగళవారం సాయంత్రం మొగుడి కోసం వేయించిన కోనాం చేప ముక్క పిల్లి నోట్లో కనపడగానే చేతికందిన పీట విసిరింది. ఆ విసురులో పిల్లి మీద కోపం పావు వంతు. “మా కోడలు పాలు కూడా కొలిసి పోత్తాది” అని అత్త గోడవతల విమలమ్మతో అనడం ఆ మధ్యాహ్నమే చెవిన పడింది. ఆ కోపం ముప్పాతిక. పీట అంచు నేరుగా కాలికి తగిలింది. అత్త అప్పుడు కుళాయి దగ్గరుంది. అర్జునరావు డ్యూటీ దిగి వచ్చి ఏమైందని అడిగితే, “రిక్షా సక్రం కింద పడినట్టుంది” అనేసింది. ఏ రిక్షా అని అడుగుతాడని అప్పుడు తోచలేదు. ఆ వీధిలోకి వచ్చే రిక్షా ఒక్కటే.

అర్జునరావు పోర్టులో క్రేను నడుపుతాడు. చేతికి బలం ఎక్కువ, ఆలోచనకి తీరిక తక్కువ. వీధి మొగలో నీలకంఠం మెడలో తువ్వాలు పట్టుకుని గుంజి, “మాయమ్మ పిల్లి సచ్చిందంటే నీ రిక్షా ఈ కోటర్సులోకి రాదు, సూసుకో” అన్నాడు. పోర్టు క్వార్టర్సు పిల్లల్ని బడికి తీసుకెళ్ళే బాడుగ మీద బతికే మనిషి నీలకంఠం. చేతులు జోడించాడు తప్ప ఎదురు మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్న చూస్తే ఆ పీట కడిగి గోడకి ఆనించి ఉంది. అత్తకి కడుగుడు జబ్బు ఉండనే ఉంది. పోర్టు వైపు నుంచి వచ్చే ఇనప రజను పూటపూటా అన్నిటి మీదా ఎర్రగా పేరుకుంటుంది, ఆవిడ పూటపూటా అన్నీ కడుగుతుంది. మరకేదైనా ఉన్నా పోయిందిలే అని పైడితల్లి ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత రెండు రోజులూ ఆ ఊపిరి సరిగ్గా ఆడిందీ లేదు.

“ఇంకా పట్టలేదా?” అంటూ విమలమ్మ లోపలికొచ్చింది. పోర్టు ఆసుపత్రిలో ఆయా. తెల్లచీర కట్టుకుని డ్యూటీకి బయల్దేరిన మనిషి. పశువుల డాక్టరు సుందర్ రాజ్ వాళ్ళ చర్చివాడే. నిన్న ఆవిడే వెళ్ళి మాట్లాడి, పొద్దున్న తొమ్మిదింటికి ఆపరేషను ఖాయం చేసుకొచ్చింది.

“రానంటంది విమలా. సచ్చిపోతానని దానికి తెలిసిపోయింది గావాల,” అంది అసిరమ్మ.

“ఊరుకో పిన్నీ. బయపడిన పేనానికి సీకటి కావాలి. మనం ఎలుతురు సూపించి రమ్మంటే ఎలా వత్తాది?”

విమలమ్మ కిటికీ మూసింది. గంపని సందు చివర అడ్డంగా పడుకోబెట్టి, మీద పంచె కప్పింది. రెండో పక్కనుంచి ట్రంకు పెట్టెని బెత్తెడు బెత్తెడు చొప్పున జరిపింది. మూడో జరుపుకి గంపలో దబ్బుమని చప్పుడైంది. గబుక్కున గంప నిలబెట్టి మూతి కట్టేశారు. లోపల్నుంచి ఒక్క అరుపు, సన్నగా, చంటిపిల్ల ఏడ్చినట్టు.

“ఆ గంప దానికి తెలుసు,” అంది అసిరమ్మ, చెంగుతో మొహం తుడుచుకుంటూ. “ఊర్నుంచి దాంట్లోనే తెచ్చేను.”

రెండేళ్ళ కిందట ఉక్కు ఫ్యాక్టరీకి ఊరు పోయినప్పుడు అసిరమ్మ తెచ్చుకున్నవి ఆ ట్రంకు పెట్టె, ఓ తిరగలి, ఈ పిల్లి. చేటలో నూకలు తింటూ దొరికిందని నూకాలు అని పేరు పెట్టింది. అమ్మవారి పేరు పిల్లికేమిటని పైడితల్లి మొదటి రోజే మొహం చిట్లించింది.

“కాపీ పెట్టనా అక్కా?” అని అడిగింది పైడితల్లి, విమలమ్మ మొహం చూడకుండా.

“వద్దమ్మా. ఈయాల శుక్రవారం గదా, ఉపవాసం.” విమలమ్మ సంచి భుజానికి తగిలించుకుని ఆగింది. “అన్నట్టు, పిల్లిని కూడా ఉపవాసం ఉంచమన్నాను. ఉంచేరా? రాత్రి తొమ్మిది నుంచీ?”

“ఉంచేం అక్కా. ఉపవాసమే.”

ఈ ఒక్క మాటలో మాత్రం పైడితల్లి అబద్ధమాడలేదు. ఉపవాసం అంటే ఏమిటో ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు. శనివారం శనివారం సింహాచలం అప్పన్నకి ఉంటుంది. అన్నం ముట్టదు. పొద్దున్న పాలు, మధ్యాహ్నం రెండు అరటిపళ్ళు, సాయంత్రం ఉప్పుడుపిండి. పిల్లి చేత కూడా అలాగే ఉంచింది. అన్నం మెతుకు పెట్టలేదు.

పాలు పట్టింది.

తెల్లవారి ఐదింటికి అర్జునరావు షిఫ్టుకి వెళ్ళిపోయాక, అత్త మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉండగా, సాసరు నిండా పాలు పోసి మంచం కింద పెట్టి, తను దూరంగా గుమ్మంలో కూర్చుంది. చాలాసేపటికి పిల్లి మూడు కాళ్ళ మీద ఈడ్చుకుంటూ వచ్చింది. తాగినంతసేపూ ఆమె మీంచి చూపు తిప్పలేదు. ఎప్పుడు లేచి కొడుతుందో అని చూసుకుంటూ తాగింది. పైడితల్లి కళ్ళు గట్టిగా మూసుకుంది. రెండేళ్ళలో తన చేత్తో ఆ పిల్లికి పాలు పోయడం అదే మొదలు.

*

రిక్షాలో అత్తాకోడళ్ళ మధ్య గంప. నీలకంఠం సీటు మీద కూర్చోకుండా హేండిలు పట్టుకుని నడిపించుకెళ్తున్నాడు.

“ఎక్కి తొక్కవేటి?” అంది పైడితల్లి. “ఇలా ఎల్తే ఎప్పటికి సేరతాం?”

“గతుకులమ్మా. తొక్కితే కుదుపుతాది. దాని కాలు నొప్పెడతాది.”

కాన్వెంటు జంక్షన్ దగ్గర ముడిఖనిజం లారీలు వరసగా పోతూంటే పక్కకి ఆపి, తన తువ్వాలు తీసి గంప మీద కప్పాడు. లారీ హారన్ కొట్టినప్పుడల్లా గంప అదురుతోంది. అసిరమ్మ పంచె మీంచి చెయ్యి వేసి, “నేదమ్మా, నేదు” అని పలకరిస్తోంది. ఆ చేతికి రెండంగుళాల దూరంలోనే పైడితల్లి చెయ్యి ఉంది. అది గంప మీదకి వెళ్ళలేకపోయింది.

“అమ్మా,” అన్నాడు నీలకంఠం, రోడ్డు వైపే చూస్తూ. “మంగళారం సంగతి. నాకు ఎంత ఆలోసించినా సక్రం కింద ఏదీ పడినట్టు గుర్తు రాలేదమ్మా. అరుపు కూడా ఇననేదు.”

“మరి?” అంది పైడితల్లి.

“మరేటి. బాబుగోరు అంత గట్టిగా సెప్పేక, పడే ఉంటాది. నానే సూసుకోలేదు. ఆ సాయంత్రం కాత్త తలనొప్పిగా కూడా ఉందిలెండి.”

తప్పు చేసినవాడు ఒప్పుకోడని లోకం తిట్టుకుంటుంది గానీ, చెయ్యనివాడు ఒప్పుకుంటే వినడం ఎంత కష్టమో ఎవరూ చెప్పరు. పైడితల్లి తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. అసిరమ్మ కూడా అతని వైపు చూడలేదు. తల పక్కకి తిప్పుకుని లారీలు చూస్తోంది.

*

పశువుల ఆసుపత్రి వరండాలో రెండు గేదెలు, ఒక మేక, డెట్టాలు వాసన. డాక్టరు సుందర్ రాజ్ నలభై ఏళ్ళ మనిషి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని ఉన్నాడు. పిల్లిని పంచెలో చుట్టి బల్ల మీద పట్టుకోమని అటెండరుకి చెప్పి, కాలు చూశాడు.

“కింది భాగం నల్లబడుతోందమ్మా. అతికించే దశ దాటిపోయింది. కాలు తీసెయ్యాలి.”

“మూడు కాళ్ళతో బతుకుతాదా బాబూ?” అసిరమ్మ అడిగింది.

“హాయిగా బతుకుతుంది. గోడలెక్కి దొంగతనాలు చెయ్యడం మాత్రం తగ్గుతుంది.” నవ్వించడానికే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. “ఖాళీ కడుపే కదా?”

“ఉపవాసమేనండి,” అంది పైడితల్లి.

“మంచి పని చేశారు. మొన్నొకాయన కుక్కని తెచ్చాడు. ఆకలేస్తుందని బన్ను తినిపించి మరీ తెచ్చాడు. మత్తులో ఉండగా వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బల్ల మీదే ప్రాణం పోతుంది, మనం చెయ్యగలిగింది ఉండదు.”

“మంచినీళ్ళయినా అంతేనాండి?” అని అడిగింది పైడితల్లి.

“నీళ్ళయినా సరే, తొమ్మిది తర్వాత దిగకూడదు. విమలమ్మగారికి అదే చెప్పాను.”

అప్పుడు గుర్తొచ్చింది పైడితల్లికి. పొద్దున్న విమలమ్మ కాఫీ వద్దంది. ఉపవాసం అంది. అంతకుముందు ఓ శుక్రవారం మజ్జిగ గ్లాసు ఇస్తే అదే మాట చెప్పి వెనక్కిచ్చేసింది. మనింట్లో మజ్జిగ తాగడానికి నామోషీ గావాల అని తను రెండ్రోజులు ముభావంగా ఉంది. నామోషీ కాదు. వాళ్ళ ఉపవాసం అంటే సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా గుటక పడకూడదు. గోడకి ఇటు ఒక ఉపవాసం, అటు ఒక ఉపవాసం. ఎనిమిదేళ్ళుగా ఒకే గోడ.

డాక్టరు మత్తుమందు సీసా మూత లోపలికి సూది గుచ్చాడు.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. చెబితే అత్త అడుగుతుంది. పాలగిన్నె మీద మూత, మూత మీద రాయి పెట్టేదానివి, ఈ పొద్దు దానికి సాసరు నిండా ఎందుకు పోశావమ్మా అని. ఆ ఎందుకుకి జవాబు చెబితే పీట దగ్గరికి పోతుంది, పీట నుంచి రిక్షా దగ్గరికి, రిక్షా నుంచి అర్జునరావు దగ్గరికి. చెప్పకపోతే? ఏమీ కాకపోవచ్చు. నాలుగు గంటలైంది గదా, ఈపాటికి అరిగిపోయి ఉంటాయి. అరక్కపోతే? అప్పుడు కూడా ఎవరికీ తెలియదు. రిక్షా కింద పడిన పిల్లి ఆపరేషన్లో పోయింది అంటారు. నీలకంఠం ఇంకో వీధి వెతుక్కుంటాడు.

అంత దాకా ఆలోచించింది తనేనా అనిపించింది ఆమెకి.

అత్త వైపు చూసింది. అసిరమ్మ పిల్లి తల నిమురుతోంది. కానీ చూపు పిల్లి మీద లేదు, డాక్టరు చేతిలోని సూది మీద ఉంది. పిల్లి కళ్ళు మాత్రం పైడితల్లి మీదే ఉన్నాయి.

డాక్టరు వంగాడు.

“ఆగండి బాబూ. పాలు పట్టేనండి.”

సూది గాల్లో ఆగింది. “ఎప్పుడు?”

“పొద్దున్న. ఐదింటికి. సాసరు నిండా.”

“ఇందాక ఉపవాసం అన్నారు కదమ్మా?”

“మాకు ఉపవాసమంటే పాలు తాగొచ్చండి,” అంది పైడితల్లి.

డాక్టరు సూది పళ్ళెంలో పెట్టేశాడు. “తప్పు మీది కాదులెండి. నోట్లో ఏమీ పెట్టొద్దని విడమరిచి చెప్పాల్సింది మేమే. మీరు ప్రేమ కొద్దీ పోశారు, ఏం చేస్తాం.”

ప్రేమ కొద్దీ. తిడితే బాగుండుననిపించింది పైడితల్లికి. చెయ్యని తప్పుకి నీలకంఠానికి శిక్ష పడింది, చేసిన తప్పుకి తనకి మెప్పు దొరుకుతోంది. కళ్ళనీళ్ళు ఆగలేదు.

“రేపు తేమంటారా?” అసిరమ్మ అడిగింది.

“రేపు నేనుండను. రెండింటికి జీపొస్తుంది, సబ్బవరంలో గేదెలకి టీకాల క్యాంపు, వారం పడుతుంది. ఈ కాలు వారం ఆగదు. ఒంటిగంట దాకా చూసి చేస్తాను. అప్పటికైనా భయం లేదని చెప్పలేను. దేవుడి మీద భారం వేసి వరండాలో కూర్చోండి.”

*

గంప మధ్యన పెట్టుకుని ఇద్దరూ వరండా చివర కూర్చున్నారు. గోడ గడియారంలో తొమ్మిదిన్నర. పైడితల్లి ముక్కు చీదుతోంది. అసిరమ్మ పంచె ముడి కాస్త వదులు చేసి గంపలోకి వేలు పెట్టింది.

“అత్తా, నీకో మాట సెప్పాలి.”

“పీట సంగతా?”

పైడితల్లికి ముక్కు చీదడం ఆగిపోయింది.

“దాని అంచుకి బొచ్చు అంటుకునుంది. నెత్తురు కూడా. నానే కడిగేను,” అంది అసిరమ్మ మామూలుగా. “నా కొడుకు కంట పడితే నిన్ను బతకనిస్తాడేటి?”

“తెలిసీ ఒక్క మాట అనలేదే?”

“ఏటనమంటావు? పాలు కొలిసి పోత్తావని నలుగుర్లో నోరు పారేసుకున్నది నానేగదా. నీ సెవిన పడతాదని తెలిసే అన్నాను. ఆ పీట దానికి తగిలింది గాని, నా మీదకి ఇసిరిందే.”

వరండాలో మేక అరిచింది. అసిరమ్మ వేలిని పిల్లి నాకుతున్నట్టుంది, ఆవిడ చెయ్యి కదపలేదు.

“పొద్దున్న పాలు పోసినప్పుడు కూడా మెలకువగానే ఉన్నాను. సప్పుడవకుండా ఇటు తిరిగి, మంచం కిందకి వంగి సూసేను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతాదంటారు. మనింట్లో అది కళ్ళు తెరుచుకునే తాగింది. నువ్వే మూసుకున్నావు.”

“మరి డాట్రుబాబు అడిగినప్పుడు సెప్పలేదేటి అత్తా? పాలు తాగొచ్చనే నువ్వూ అనుకున్నావా?”

“నీళ్ళు కూడా కూడదన్న దాకా అనుకున్నాను. అన్నాక, నువ్వు సెప్తావో నేదో అని సూసేను.”

“సెప్పకపోతే?”

“సూది ఒంటికి తగిలేలోపు నానే సెబుదును,” అంది అసిరమ్మ. “గాని సెప్పేవు. ఆ మటుకు సాలు.”

పైడితల్లి అత్త మోకాలి మీద తల ఆన్చబోయింది. అసిరమ్మ మోకాలు వెనక్కి తీసుకుంది.

“నాకు సెప్పుకుని ఏడిత్తే అయిపోయిందనుకోకు. బయట ఒకడు కూకున్నాడు. మూడ్రోజుల్నుంచీ ఆడి ముకం సూడలేక నాను గేటు కాడికి ఎల్లడం మానీసేను. ముందు ఆడికి సెప్పు. సాయంత్రం నా కొడుక్కి నువ్వే సెప్పు.”

“ఆయన ఊరుకోడత్తా.”

“ఊరుకోడు,” అంది అసిరమ్మ. “పో.”

ఆసుపత్రి గేటు దగ్గర వేపచెట్టు నీడన చప్టా మీద నీలకంఠం కూర్చుని ఉన్నాడు. పైడితల్లిని చూసి లేవబోయాడు. లేస్తూ తూలి గోడ పట్టుకున్నాడు.

“అయిపోయిందా అమ్మా? బతుకుతాదా?”

“ఇంకా సెయ్యలేదు. ఒంటిగంటకి.” చెప్పాలని వచ్చిన మాట నాలుక చివర ఉండగా, అతని కాళ్ళు వణకడం కనపడింది. “ఏటయింది నీకు? పొద్దున్న ఏటైనా తిన్నావా?”

“నేదమ్మా.” సిగ్గుపడ్డట్టు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “ఆపరేషనుకి దాన్ని ఉపవాసం ఉంచాలని నిన్న విమలమ్మగోరు సెప్పేరు. కాలు పోగొట్టినోడ్ని నాను, అది మాడతా ఉంటే నాను అన్నం ఎలా తింటాను? నిన్న రేతిరి నుంచీ నానూ ఉపవాసమే. అప్పన్నబాబుకి మొక్కుకున్నాను, దాని పేనం నిలబెట్టమని.”

పైడితల్లి అతని కాళ్ళ వైపే చూస్తూ నిలబడిపోయింది.

ఆ చూపు చూసి నీలకంఠం కంగారుపడ్డాడు. ఏదో దాచినవాడిలా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

“పొద్దున్న మా ఆడది బలవంతం సేత్తే గలాసుడు పాలు తాగేనమ్మా. అంతే, ఇంకేటీ నేదు. పాలు తాగొచ్చు గదమ్మా ఉపవాసానికి?”